విద్యార్థి గది: కొద్ది ఖర్చుతో సొంపు
(కొత్తగా హాస్టళ్లలో చేరిన తెలుగు విద్యార్థులనూ, వారి తల్లిదండ్రులనూ ఉద్దేశించి బరంపురంలో చేసిన ప్రసంగ పాఠం)



ఖల్లికోటలో చేరినా, భంజవిహార్‌లోని విశ్వవిద్యాలయంలో చేరినా, ఎం.కె.సి.జి. వైద్య కళాశాలలో చేరినా, మీలో చాలామందికి ఇల్లు విడిచి ఉండడం ఇదే మొదటిసారి. ఒక మంచం, ఒక బల్ల, నాలుగు వట్టి గోడలు మీ చేతికి వస్తాయి. ఆ గోడలను అలంకరించుకోవాలనే కోరికకు మూలం ఆడంబరం కాదు, ఇంటిమీది బెంగ. కనుక ఆ కోరికను నేను తప్పుపట్టను.

కాని నా అనుభవం ఒకటి చెప్పాలి. హాస్టలులో చేరిన మొదటి నెలలోనే, నాన్నగారు భోజనానికి పంపిన డబ్బులో సగం పెట్టి తెరలు, పటాలు, కాగితపు పూలు కొన్నాను. పక్క గదులకు తీసిపోకూడదని నా పంతం. వానాకాలం రాగానే గోడ చెమ్మకు అంటించినవన్నీ సున్నంతో సహా ఊడిపడ్డాయి. ఆ నెలాఖరున ఒకపూట తిండితో సరిపెట్టుకున్నాను. ఆ సంగతి ఇంట్లో నేటికీ తెలియదు.

అందుచేత ఖర్చుకు ఒక వరుస పెట్టుకోండి. మొదట శుభ్రత, తరువాత వెలుతురు, ఆపైన సర్దుబాటు, చివర అలంకరణ. చీపురు, తడిగుడ్డ చేసే మేలు ఏ పటమూ చేయదు. బల్లమీద తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. దీపం రోజుకు ఐదు గంటలు వెలిగినా, ముప్పై రోజులకు ఒకటిన్నర యూనిట్లు కూడా కాదు. కుడిచేత్తో రాసేవారు దానిని ఎడమవైపు ఉంచితే చేతి నీడ కాగితంమీద పడదు. పెట్టెను రెండు ఇటుకలమీద ఎత్తి పెడితే చెమ్మ తగలదు. గంజాం తీరంలో మొగలికి కొదవ లేదు. దాని రేకు ఒకటి బట్టల మధ్య ఉంచితే పెట్టె తెరిచినప్పుడల్లా పరిమళమే.

ఇక తెరలు. అమ్మ కట్టి మెత్తబడిన నూలు చీర ఒకటి అడిగి తెచ్చుకోండి. ఆరు గజాల చీరను మూడు ముక్కలు చేస్తే రెండు కిటికీ తెరలు, ఒక బల్లగుడ్డ వస్తాయి. ఈ ఊరు పట్టుకు పేరుపొందినదే అయినా, కిటికీకి పట్టు పనికిరాదు, ఎండకు వెలిసిపోతుంది. గోడకు మేకు కొట్టవద్దు, జిగురు పూయవద్దు. కిటికీ చువ్వనుంచి అలమర పిడికి ఒక తాడు కట్టి, బట్టల క్లిప్పులతో ఫోటోలు, టైంటేబులు తగిలించండి. కిటికీ గట్టుమీద బరువైన కుండీలు ఉంచవద్దు. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపానును చూసినవారికి ఈ హెచ్చరిక ఎందుకో తెలుసు.

గది మీ ఒక్కరిదే కాదని కూడా గుర్తుంచుకోండి. మీతో ఉండే మిత్రుడు ఒడియా బిడ్డ కావచ్చు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేవరకు ఇచ్ఛాపురం, బరంపురం ఒకే గంజాం జిల్లాలో ఉండేవి. మార్గశిర లక్ష్మీవారాలలో మన ఇళ్లముందు ముగ్గు, వారి ఇళ్లముందు ఝోటి. రెండింటికీ బియ్యప్పిండే ఆధారం. పాత అట్టపెట్టెను విప్పి, తెల్లరంగుతో ఒకవైపు మీరు ముగ్గు వేయండి, మరొకవైపు అతనిచేత ఝోటి వేయించండి. దానికయ్యేది ఒక చిన్న రంగు సీసా ఖర్చు మాత్రమే. ఇద్దరూ కలిసి వేసిన ఆ బొమ్మ ముందు కూర్చుంటే, భాష పూర్తిగా రాకపోయినా మాట కలుస్తుంది.

ఏడాది చివర హాస్టలు ఖాళీ చేసేటప్పుడు బకెట్లు, దీపాలు, తాళ్లు, పరుపులు చెత్తకుప్పలో వేయవద్దు. కడిగి, తుడిచి, వచ్చే ఏడు చేరేవారికి అప్పగించండి. డబ్బు చాలక నోరు విప్పి అడగలేని పిల్లవాడు ప్రతి ఏడూ ఒకడైనా వస్తాడు. మీరు వదిలిన దీపం అతని ఒక నెల తిండిని కాపాడవచ్చు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. పిల్లల గదికి వెళ్లినప్పుడు గోడలు చూసి ఊరుకోకండి. వేళకు తింటున్నారా అని అడగండి.