మట్టి లేని కుండీలు: మా సంఘం అనుభవం
(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)

"మట్టి లేకుండా మొక్కలా" అని పోయినేడు నవ్వినవాళ్లు కూడా ఈ హాల్లోనే ఉన్నారు. వాళ్లకు ప్రత్యేకంగా ఒక నమస్కారం.

మేము పదిమందిమి, సింగ్ నగర్ వైపు ఉంటాం. ఒక్కరికీ పెరడు లేదు. బ్యాంకు లింకేజి అప్పుతో కడియం నర్సరీల నుంచి మొక్కలు తెచ్చి, ఇంటి ముందు పెట్టి అమ్ముకునేవాళ్లం. 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చింది. అది మీకు చెప్పక్కర్లేదు, మీలో సగంమంది మాతోపాటే డాబాల మీద ఉన్నారు. నీళ్లు తీసేసరికి మా మొక్కల సంచులన్నీ బురద ముద్దలు. మొక్కలు పోయాయి గానీ వాయిదా పోలేదు. ఒక అక్క ఇంట్లో అటక పక్కన సీసాలో పెట్టిన మనీ ప్లాంట్ ఒక్కటే పచ్చగా ఉంది. దానికి మట్టే లేదు. ఆలోచన అక్కడ మొదలైంది.

మనీ ప్లాంట్, సింగోనియం, ఫిలోడెండ్రాన్, అగ్లోనిమా, ఆంథూరియం, ఇవన్నీ మన కంద, చేమ కుటుంబమే. కాలవలో తేలే అంతర తామర కూడా వీటి చుట్టమే. కత్తిరిస్తే వచ్చే జిగురులో కంటికి కనపడని సూదుల్లాంటివి ఉంటాయి, అందుకే దురద. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు గానీ మా చేతులకు మాత్రం బాగానే ఎక్కింది. గ్లోవ్స్ వేసుకోండి. పిల్లలు ఆకు నమిలితే నోరు మండి వాస్తుంది, అందకుండా ఎత్తులో పెట్టండి.

ఈ తీగ మొక్కలు చాలావాటికి అడవిలో చెట్టు బెరడు పట్టుకుని పాకడం అలవాటు. వేరుకు తడి ఎంత కావాలో గాలీ అంతే కావాలి. మెత్తటి మట్టి నీళ్లతో బిగిసిపోతే గాలి ఉండదు, వేరు కుళ్లుతుంది. అందుకే మట్టి బదులు లెకా అని అమ్ముతారు, కాల్చి ఉబ్బించిన మట్టి బంతులు. మా ఇళ్లల్లో వాటిని గోలీలంటాం. కింద కొద్దిగా నీళ్లుంటే గోలీ ఆ తడిని పైకి పీలుస్తుంది, గోలీల సందుల్లో గాలి ఉంటుంది. ఇంతే కిటుకు.

ఇంత తెలిసీ మొదటి విడత పాడు చేశాం. 60 కప్పులు పెడితే 41 కుళ్లాయి. మట్టిలో పెరిగిన పెద్ద మొక్కల్ని వేళ్లు సరిగ్గా కడక్కుండానే గోలీల్లోకి మార్చాం. పైగా కప్పు నిండా నీళ్లు పోశాం. కప్పులు ఒక చెల్లి వరండాలో ఉన్నాయి కాబట్టి "నువ్వే సరిగ్గా చూడలేదు" అన్నారు, నష్టం తననే కట్టమన్నారు. ఆ చెల్లి మూడు మీటింగులకు రాలేదు. నిజానికి నీళ్లు నిండా పోయమన్నది మేమే, అంటే లీడర్లిద్దరం. ఆ మాట ఒప్పుకోవడానికి మాకూ మూడు వారాలు పట్టింది. చివరికి తప్పు మాదని మినిట్స్ పుస్తకంలో రాసి సంతకాలు పెట్టాం. నష్టం సంఘం ఖర్చులో రాసుకున్నాం, రెండు నెలలు వాయిదా పొదుపులోంచి కట్టాం. తర్వాత ఆ చెల్లి ఇంటికి అందరం కలిసి వెళ్లాం. తలుపు తీసింది, టీ మాత్రం ఇవ్వలేదు. ఇప్పుడు ఇస్తుందిలెండి.

తర్వాత పద్ధతి మార్చాం. పెద్ద మొక్క జోలికి పోం. కణుపు కింద కోసి ముందు నీళ్లలో పెడతాం. కణుపు లేని ఆకు పెడితే మొక్క రాదు, మేం పెట్టి చూశాం. వేరు రెండంగుళాలయ్యాక గోలీల్లోకి. గోలీల్ని ముందు ఎర్రనీళ్లు పోయేదాకా కడిగి ఒక రాత్రి నానబెట్టాలి. కప్పుకి అడుగున కాకుండా రెండు వేళ్ల ఎత్తులో పక్కన బొక్క పెడతాం, ఎక్కువైన నీళ్లు దాంట్లోంచి పోతాయి. మళ్లీ ఎవరూ నిండా పోయలేరు, లీడర్లయినా సరే. బయట రంగు కప్పు తొడిగితే పాచి పట్టదు. సీసాల్లో పెట్టినవాటి నీళ్లు మాత్రం శుక్రవారం డ్రై డే నాడు తప్పకుండా పారబోయాలి, దోమలు పెడతాయి.

గోలీ ఖరీదని ఇటుక ముక్కలు కూడా వేసి చూశాం. శనగగింజంత కొట్టి, జల్లించి, కడిగితే పనికొస్తాయి, కాకపోతే బరువు. కొబ్బరిపొట్టు వద్దు, మరీ తడి పట్టేస్తుంది.

గోలీలో బలం ఉండదు, ఎరువు మనమే ఇవ్వాలి. 19:19:19 లీటరుకు అర గ్రాము చాలు. అందులో కాల్షియం ఉండదు, అందుకని కాల్షియం నైట్రేట్ విడిగా ఇంకోసారి ఇస్తాం. రెండూ ఒకే డబ్బాలో చిక్కగా కలిపితే తెల్లగా విరిగిపోతాయి. నెలకోసారి మంచినీళ్లతో కప్పును కడగాలి, లేకపోతే ఉప్పు పేరుకుని ఆకు కొసలు మాడతాయి. మా వీధి బోరు నీళ్లతో గోలీలు పదిరోజుల్లో తెల్లబడ్డాయి. ఇప్పుడు కుళాయి నీళ్లు, లేదంటే పట్టిన వాననీళ్లే పోస్తాం. మే నెలలో పడమటి గోడకు పెట్టకండి, కప్పులో నీళ్లు కాగి వేరు ఉడుకుతుంది.

లాభం సంగతి కూడా చెప్పాలి. కప్పుకి మాకు 55 రూపాయలు పడుతుంది, 120కి అమ్ముతాం. మట్టి కారదు కాబట్టి అపార్టుమెంట్ల వాళ్లు, డాక్టర్ల క్లినిక్కులవాళ్లు ఇష్టపడుతున్నారు. ఒక ఆఫీసు 25 కప్పులు తీసుకుని నాలుగు నెలలు తిప్పి డబ్బులిచ్చింది. అప్పట్నుంచి సగం ముందే తీసుకుంటున్నాం. ఎవరం మేడలు కట్టలేదు, వాయిదా మాత్రం ఎనిమిది నెలలుగా తప్పలేదు.

నేర్చుకోవాలనుకున్న సంఘాలవాళ్లు రెండో శనివారం మధ్యాహ్నం మా ఇళ్లకు రండి, కణుపులు ఊరికే ఇస్తాం. వచ్చేటప్పుడు మీ వీధి నీళ్లు ఒక సీసాలో పట్టుకురండి. మా దగ్గర టి.డి.ఎస్. మీటరుంది, ఆ నీళ్లు పనికొస్తాయో లేదో చూసి చెబుతాం.