కంప్యూటరు మారినపుడు చూపులేని ఉద్యోగి పని ఆగరాదు

(ఢిల్లీ ప్రాంత రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



జీతభత్యములు, పింఛను, ఖాళీల భర్తీ మున్నగు సమస్యలపై మనము తరచుగా సమావేశమగుచున్నాము. నేడు మీ ముందుంచుచున్న సమస్య పైకి కొద్దిమందికి మాత్రమే సంబంధించినదిగా కన్పించును. కాని అది పనిచేయు హక్కునకు సంబంధించినది గనుక మనందరిదియు అగుచున్నది.

విండోస్ 10 ఆపరేటింగ్ సిస్టమ్‌కు సాధారణ మద్దతును మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో ముగించినది. అందుచే కార్యాలయములు విండోస్ 11కు మారవలసి వచ్చుచున్నది. పాత యంత్రములనేకము దానికి పనికిరావు. కనుక యంత్రములనే మార్చవలసి వచ్చుచున్నది. ఢిల్లీలో రక్షణ మంత్రిత్వ శాఖ 2023లో విండోస్‌కు బదులు మాయా అను లినక్సు ఆధారిత వ్యవస్థను ప్రవేశపెట్టుటకు పూనుకొన్నది. తపాలా శాఖ తన నూతన సాఫ్ట్‌వేరును 2025 ఆగస్టు నాటికి దేశమంతటను అమలుపరచినది. ఈ మార్పులను మనము వ్యతిరేకించుట లేదు. భద్రత లేని కంప్యూటరుపై ప్రజాధనము లెక్కలు నడుపరాదు. మన ప్రశ్న ఒక్కటే: మార్పు జరిగిన మరునాటి ఉదయము చూపులేని ఉద్యోగి తన పని తాను చేసికొనగలడా?

ఆ ఉద్యోగి కంప్యూటరునెట్లు వాడునో మనలో అనేకులకు తెలియదు. మౌసు అవసరము లేదు; పని అంతయు కీబోర్డు మీదనే. స్క్రీన్ రీడర్ అను ప్రోగ్రాము తెరపైనున్నదానిని చదివి వినిపించును, లేదా బ్రెయిలీ చుక్కలుగా వ్రేళ్లకు అందించును. 1995 నుండి విండోస్‌పై నడచుచున్న జాస్ వెల చెల్లించి కొనవలసినది. ఎన్‌విడిఎ అనునది మైకేల్ కర్రన్ అను ఆస్ట్రేలియా దేశపు అంధ యువకుడు 2006లో ప్రారంభించినది, అది ఉచితము.

ఈ ప్రోగ్రాము మనవలె తెరను చూడదు. ప్రతి బొత్తాము పేరేమి, అది ఏ రకమైనది, దాని స్థితి యేమి అను మూడు విషయములను కార్యాలయ సాఫ్ట్‌వేరు లోలోపల తెలియజేయవలెను. తెరపై బొమ్మ యెంత స్పష్టముగానున్నను, లోపల పేరు నమోదు కానిచో వినవచ్చునది “బటన్” అను ఒక్క మాటయే. పది బొత్తాములున్నచోట పదిమారులు “బటన్” అని విన్న ఉద్యోగి, సొమ్ము చెల్లించునదేదో, రద్దు చేయునదేదో ఎట్లు తెలిసికొనును?

ఆపరేటింగ్ సిస్టమ్ మారినపుడు ఇబ్బందులు నాలుగు విధములుగా వచ్చుచున్నవి. మొదటిది, పాత స్క్రీన్ రీడర్ కొత్త వ్యవస్థలో సరిగా నడువకపోవచ్చును. కొత్తదానికి సొమ్ము మంజూరు కావలెను. లైసెన్సు యంత్రమునకు ముడిపడియున్నచో యంత్రముతోపాటు అదియు పోవును. రెండవది, డిస్కును తుడిచి కొత్త వ్యవస్థ నెక్కించినపుడు భారతీయ భాషల స్వరములు, ఉద్యోగి యేండ్ల తరబడి అమర్చుకొన్న ఏర్పాట్లు మాయమగును. మూడవది, తిరిగి ఎక్కించుకొను అధికారము ఉద్యోగికుండదు. ఫిర్యాదు చేయుదమన్నను, ఆ ఫారమును తెరమీదనే నింపవలెను. చివర బొమ్మలోని అక్షరములను చూచి టైపు చేయుమని అది అడుగును! నాలుగవది, లినక్సుకు మారినచోట జాస్, ఎన్‌విడిఎ రెండును పనిచేయవు. అచట ఓర్కా అను వేరొక రీడరున్నది గాని, దాని కీలను మొదటినుండి నేర్వవలెను. అందుకు శిక్షణయు, కొంత వ్యవధియు ఈయవలెను.

ఇవి జరుగనిచో ఏమగును? ఒక వారము పని ఆగును. ఆ ఫైళ్లను పక్కసీటు వారికి అప్పగింతురు. పిదప వానిని తిరిగి యీయరు. ఏడాది చివర పనితీరు నివేదికలో ఫలితము తక్కువయని వ్రాయుదురు. లోపము యంత్రమునది, మచ్చ ఉద్యోగిది. ఇంతకంటె అన్యాయమేమున్నది?

మనము కోరునది దయ కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఉద్యోగములలో నాలుగు శాతమును, అందులో అంధులకు, అల్పదృష్టిగలవారికి ఒక శాతమును కేటాయించినది. ప్రతి ప్రభుత్వ సంస్థ తగిన సదుపాయమును, అవరోధములు లేని వాతావరణమును కల్పింపవలెనని 20వ సెక్షను శాసించుచున్నది. 23వ సెక్షను ప్రకారము ఫిర్యాదుల అధికారి యుండవలెను. ఫిర్యాదుపై రెండు వారములలో విచారణ జరుపవలెను. అందుబాటు ప్రమాణములు కేవలము సలహాలుగా నుండరాదని, తప్పనిసరి కావలెనని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో తీర్పు చెప్పినది. డిజిటల్ సేవలనందుకొను హక్కు రాజ్యాంగము 21వ అధికరణములోని జీవించు హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో స్పష్టపరచినది.

రైల్వే సోదరులకు ఒక మాట. భద్రతా కమిషనరు తనిఖీ చేయనిదే కొత్త మార్గముపై ప్రయాణికుల రైలును నడుపము. తపాలా సోదరులకు మరియొక మాట. అంధుల బ్రెయిలీ పుస్తకములను మన శాఖ దశాబ్దములుగా తపాలా రుసుము లేకుండ చేరవేసినది. అట్టి శాఖలో కూర్చున్న చూపులేని ఉద్యోగికి తన తెర తనకే అందకుండుట తగునా?

కనుక ఈ క్రింది కోర్కెలను పరిపాలనాధికారుల ముందుంచుచున్నాము:

1. ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌నైనను, ఏ సాఫ్ట్‌వేరునైనను అమలుపరచుటకు ముందు చూపులేని ఉద్యోగులచేతనే పరీక్షింపజేయవలెను. భారత ప్రమాణాల సంస్థవారి ఐఎస్ 17802 ప్రమాణమును టెండరు షరతుగా చేర్చవలెను.

2. కొత్త యంత్రముపై స్క్రీన్ రీడర్ పనిచేయుచున్నదని ఉద్యోగి స్వయముగా తెలుపువరకు పాత యంత్రమును తొలగింపరాదు.

3. లైసెన్సు, స్వరములు, శిక్షణల ఖర్చును శాఖయే భరింపవలెను.

4. యంత్రలోపముచే పని ఆగిన కాలమును పనితీరు నివేదికలో ఉద్యోగికి వ్యతిరేకముగా లెక్కింపరాదు.

శాఖాసంఘముల కార్యదర్శులకు మా మనవి. మీ కార్యాలయములో యంత్రములు మారు తేదీని ముందుగా తెలిసికొనుడు. చూపులేని సభ్యులతో మాట్లాడి, వారి అవసరములను వ్రాతపూర్వకముగా అధికారులకు అందజేసి, రసీదు తీసికొనుడు. మార్పు జరిగిన ఉదయము వారి ప్రక్కన ఒకరుండుడు. తెర మూగబోయినచో విండోస్, కంట్రోల్, ఎంటర్ కీలను కలిపి నొక్కుడు. విండోస్‌లోనేయున్న నారేటర్ అను రీడర్ పలుకును. అది ఆనాటికి ఊతము మాత్రమే, పరిష్కారము కాదు. పరిష్కారమునకు ఫిర్యాదు వ్రాయించుడు, రెండు వారముల గడువును లెక్కపెట్టుడు, జవాబు రానిచో మాకు తెలుపుడు.

ఆ సభ్యుడు తిరిగి తన ఫైలును తానే తెరచి, తన పని తానే ముగించిననాడే ఆ కార్యాలయములో మార్పిడి పూర్తియైనట్లు మనము లెక్కింపవలెను.