నీళ్లలో మనకూ చోటు కావాలి

(తాండూరులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు నన్ను విశ్రాంతి హక్కు గురించి మాట్లాడమన్నారు. ఈ మాట ఎత్తగానే మన సంఘాల్లోనే కొందరు నవ్వుతారు. కూలి రేట్లు, కట్నం చావులు, సారా గొడవలు ఇన్ని ఉండగా షికారు ఏమిటంటారు. 1948 నాటి మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణలో విశ్రాంతినీ తీరికనూ హక్కులుగానే చెప్పింది. స్త్రీల పట్ల వివక్షను రూపుమాపాలన్న ఒప్పందం, అదే మనం సీడా అంటున్నది, 13వ అధికరణలో ఆటల్లో, వినోదాల్లో స్త్రీలకు సమాన హక్కు ఉందని రాసింది. 1993లో మన దేశం దాన్ని ఆమోదించింది కూడా. కాగితం మీద ఇంత ఉంది. మన సంఘం ఆడవాళ్లం ఆరుగురం పోయినేడు ఒక్క పూట పడవ షికారుకు పోతే ఏమైందో చెబుతాను.

వికారాబాద్ మనకు రైల్లో గంట లోపే. అనంతగిరి గుట్టలు, మూసీ పుట్టిన చోటు, కోట్‌పల్లి ప్రాజెక్టు చూడటానికి సెలవొస్తే హైదరాబాదు నుంచి కార్లు వరస కడతాయి. మాలో నాపరాయి పాలిషింగ్ యూనిట్లలో పనిచేసేవాళ్లున్నారు, కంది చేలల్లో కలుపు తీసేవాళ్లున్నారు. పుట్టి పెరిగింది ఇక్కడే అయినా పడవ ఎక్కినవాళ్లు ఒక్కరూ లేరు. బయల్దేరడానికే మూడిళ్లలో పంచాయితీ అయ్యింది. "గుడికంటే పో, గిదేంది?" అన్నాడట ఒకామె భర్త. ఆమె గుడికనే చెప్పి వచ్చింది. అనంతగిరిలో పద్మనాభస్వామి ఉండనే ఉన్నాడు కదా.

మేం పోయిన చోటు పేరు చెప్పను. ఇది ఒక్క చోటి సంగతి కాదు. కయాక్ అంటే ఇద్దరు కూర్చునే సన్నటి ప్లాస్టిక్ పడవ. కాళ్లు ముందుకు చాపుకోవాలి, చేతిలో రెండు కొసలా రెక్కలున్న తెడ్డు. "చీరతోని ఎట్ల అక్కా?" అన్నాడు డబ్బులు తీసుకునే పిల్లవాడు. నాట్లప్పటిలాగే గోచీ పోసి దోపుకున్నాం. లైఫ్ జాకెట్లు ఎవరి కొలతకు కుట్టారో గాని, మాలో సన్నగా ఉన్నామెకు భుజాల మీంచి జారుతున్నాయి, లావుగా ఉన్నామెకు బకిల్ పడలేదు. "ఏం కాదమ్మా, లోతు లేదు" అన్నారు.

మొదట అంతా నవ్వులే. ఒక పడవ గుండ్రంగా తిరుగుతూనే ఉంది, ఇద్దరూ ఒకే వైపు తెడ్డు వేస్తున్నారు మరి. మా పడవలో తెడ్డు చేజారింది. ముందు కూర్చున్నామె దాన్ని అందుకోబోయి వంగింది, పడవ బోర్లాపడింది. లోతు నిజంగానే గుండెల దాకే. కానీ ఊడిన చీర కాళ్లకు చుట్టుకుంటే ఆ లోతు చాలు. వదులు జాకెట్టు పైకి లేచి ఆమె ముక్కూ నోరూ మూసేసింది. నాకూ ఈత రాదు. ఒక చేత్తో పడవ అంచు, ఒక చేత్తో ఆమె జాకెట్టు పట్టుకుని కేకలు పెట్టాను. తిరగబడినా కయాక్ తేలుతుందనీ, దాన్ని వదలకుండా పట్టుకోవాలనీ ఎక్కేముందు ఎవరూ చెప్పలేదు. చేతికి దొరికింది కనుక పట్టుకున్నాను. గట్టు మీది పిల్లలు ఈదుకొచ్చి లాగారు. గాలికి కొట్టుకుపోయిన మరో పడవలోని ఇద్దరు అవతలి ఒడ్డున తుమ్మ చెట్లలో దిగి, బురద తొక్కుకుంటూ వచ్చారు. రెండు జతల చెప్పులు, ఒక సెల్‌ఫోను నీళ్లపాలు.

"ఆడోళ్లకు గివన్నీ ఎందుకు?" ఇళ్లకు చేరాక అందరం విన్న మాట ఇదే. దీన్నే నేను ఒప్పుకోను. మా అన్నదమ్ములు నడుముకు బెండు కట్టుకుని బావిలో దూకి ఈత నేర్చుకున్నారు. మేం అదే బావి గట్టున బిందెలు పట్టుకుని నిలబడ్డాం. నీళ్లు మోయడానికి పనికొచ్చిన వాళ్లం ఈదడానికి ఎందుకు పనికిరాలేదు?

నీళ్లలో మునిగి చనిపోయేవాళ్లలో మొత్తం మీద మగవాళ్లే ఎక్కువ, నిజమే. 2023 జనవరిలో కోట్‌పల్లి ప్రాజెక్టులో నలుగురు యువకులు పోయారు. అప్పుడు మగవాళ్లకు ఇవన్నీ ఎందుకని ఎవరూ అడగలేదు. 2025 జూన్‌లో సర్పన్‌పల్లి ప్రాజెక్టులో పడవ తిరగబడి, విహారానికొచ్చిన ఇద్దరు ఆడవాళ్లు చనిపోయారు. 2004 సునామీ తర్వాత ఆక్స్‌ఫామ్ సంస్థ తీసిన లెక్క చూడండి. తమిళనాడులోని కడలూరు జిల్లాలో చనిపోయిన ఆడవాళ్లు 391, మగవాళ్లు 146. మగవాళ్లు చాలామంది వేటకు సముద్రం మీదికి పోయి ఉండటం ఒక కారణం. ఆడవాళ్లకు ఈత రాకపోవడం, చెట్టెక్కడం రాకపోవడం, చంకలో పిల్లలుండటం మిగతా కారణాలు. షికారుకు పోకుండా ఇంట్లో కూర్చున్నా నీళ్లు ఇంటికే రావచ్చు.

కాబట్టి జాగ్రత్త పేరుతో మనల్ని ఇంట్లో కూర్చోబెట్టడం కుదరదు. జాకెట్టు సరిపోని మనిషిని పడవ ఎక్కించకూడదు, అంతకంటే ముందు అన్ని కొలతల జాకెట్లూ ఉంచాలి. బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి, గట్టు మీద ఈత వచ్చిన ఆడమనిషి ఉండాలి. బడిపిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఈత నేర్పాలి. ఇక చీర సంగతి. పంజాబీ డ్రెస్సు వేసుకుంటే అత్తగారు ఏమంటుందోనని భయపడే వాళ్లు ఈ గదిలోనే ఉన్నారు. ఆ మాట మన సంఘాల్లోనే తేల్చుకుందాం, కలెక్టరుగారిని అడిగే పని లేదు.

మిగతావన్నీ రాసి కలెక్టరుగారికి దరఖాస్తు తయారు చేశాం. తలుపు దగ్గరి బల్ల మీద ఉంది. చదివి, ఏదైనా చేర్చాలనుకుంటే చేర్చి, సంతకం పెట్టి వెళ్లండి. వేలిముద్రకు ఇంకు కూడా పెట్టాం.