తెల్లవారుజామున రాజా కంఠము



అగ్రికో అను పేటకు ఆ పేరు వ్యవసాయపు పనిముట్ల వలన వచ్చినది. పారలు, గునపములు చేయు కర్మాగారము పేరే చుట్టుపట్ల నివాసములకును నిలిచినది. జంషెడ్‌పూరులో తెల్లవారుట కోడికూతతో కాదు, ఆరుగంటల షిఫ్టునకు పోవు సైకిళ్ల గంటలతో. బిష్టుపూరులోని ఆంధ్రభక్త శ్రీరామమందిరమునకు పోయిననాడు చెవినిండ తెలుగు వినవచ్చును. తక్కిన దినములలో వీధిలో హిందీ, బజారులో వంగము, ఒడియా, సంతాలీ. తెలుగు ఇంటి గడపకు లోపలనే ఉండవలెను.

1970 దశకపు తొలినాళ్లలో ఆ పేటలో తంతితపాలా శాఖ ఉద్యోగి యొకాయన కాపురముండెను. తండ్రి గతించిన పిదప శ్రీకాకుళము జిల్లానుండి తల్లిని తనవద్దకు తెచ్చుకొనెను. ఆమెకు హిందీ రాదు. పొరుగువారు మంచివారే, పలుకరించెడివారు. ఆమె నవ్వి లోనికి పోయెడిది. క్రమముగా ఇంటివారితోను మాట తగ్గించినది. కూరలో ఉప్పు చాలినదా యని అడిగినను తలయూపుటయే. సెలవు పెట్టి ఊరిలో దిగవిడచి వచ్చుటయా, తమతోనే ఉంచుకొనుటయా అని భార్యాభర్తలు రాత్రులందు మెల్లగా తర్కించుకొనుచుండిరి. ఊరిలో చూచువారు లేరు. ఇచ్చట చూచువారున్నను ఆమె ఇచ్చట లేనట్లే యుండెను.

మాఘమాసమున ఒకనాడు చీకటి విడకముందే ఆయన వార్తలకొరకు రేడియో ముల్లు త్రిప్పుచుండెను. గురగురధ్వని నడుమ ఒక కంఠము తేలి, మునిగి, మరల తేలెను. ఆయన చేయి ముందునకు సాగుచుండగా వంటింటి గడపనుండి మాట వచ్చెను.

“తిప్పకు బాబూ! రాజా పాడుతున్నాడు.”

అది ‘విప్రనారాయణ’ లోని పాట. 1954లో వెలువడిన ఆ భరణీవారి చిత్రమునకు సాలూరి రాజేశ్వరరావు సంగీతము కూర్చెను. శ్రీరంగనాథునకు పూలతోట పెంచిన ఆళ్వారు కథ. తెరపై పెదవులు కదిపినది అక్కినేని నాగేశ్వరరావు, గొంతు ఏ. ఎం. రాజాది. ఆమె ఆ బొమ్మను టూరింగు టాకీసులో భర్త ప్రక్కన కూర్చుండి చూచినది.

రాజా చిత్తూరు జిల్లా రామాపురమున 1929లో జన్మించెను. ఆయన గొంతు పెద్దది కాదు. పద్యనాటకముల కాలములో అట్టి గొంతునకు రంగస్థలముపై చోటు దొరకుట కష్టము. ఆఖరి వరుసలోనివానికి వినబడని పద్యము అచ్చట పద్యమే కాదు. మైక్రోఫోను వచ్చిన పిమ్మటగాని, గాయకుడు జనసమూహమును విడిచి ఒక్క చెవినే ఉద్దేశించి పాడుటకు వీలు కలుగలేదు. హిందీలో తలత్ మహమూద్, తెలుగులో రాజా ఆ వీలును ఎరిగి పాడినవారు. ‘మిస్సమ్మ’ (1955)లో ఎన్. టి. రామారావునకు గొంతునిచ్చినది రాజాయే. ‘శోభ’ (1958), ‘పెళ్లికానుక’ (1960) చిత్రములకు సంగీతమును కూర్చెను. ఆ దశకము గడచుకొలది తెలుగు చిత్రములలో ఆయన గొంతు అరుదయ్యెను. సినిమాకు క్రొత్త గొంతులు కావలెను. రేడియోకు పాతవియు కావలెను. 1989 ఏప్రిల్ నెలలో వళ్లియూరు స్టేషనులో జరిగిన ప్రమాదమున ఆయన మరణించెను. నేడు ఆయన పాట చేతిఫోనులో ఏ క్షణమునకు కావలెనన్న ఆ క్షణమునకు దొరకును. నాడట్లు కాదు.

పగటివేళ ఆకాశములోని దిగువపొర మధ్యతరంగములను మ్రింగివేయును. రాత్రి ఆ పొర విడిపోవును. తరంగములు పైపొరకు తగిలి వంగి వందల మైళ్ల ఆవల దిగును. ప్రొద్దెక్కినతోడనే ఆ దారి మరల మూసికొనిపోవును. కావున 1948లో వెలసిన విజయవాడ కేంద్రము గాని, 1963లో వెలసిన విశాఖపట్టణ కేంద్రము గాని ఉదయపు ప్రసారముతో అగ్రికో చేరవలెనన్న, కేంద్రము తెరచుటకును ప్రొద్దు పొడుచుటకును నడుమనున్న కొద్దిపాటి నిమిషములే అదను. చలికాలమున ప్రొద్దు ఆలసించుటచే ఆ అదను కొంచెము పెరుగును.

నాడు పాట పూర్తి కాలేదు. రెండవ చరణమునకే గురగుర క్రమ్ముకొనెను. ఏ కేంద్రమో చెప్పు మాటయు అందులోనే మునిగిపోయెను. ఆయన ముల్లును వెంట్రుకవాసి అటునిటు కదల్చి విసిగి ఊరకుండెను. తల్లి మాత్రము ఊరకుండలేదు. దేవదేవిగా వచ్చిన భానుమతి సంగతి, వాన వచ్చి గుడారము కారిన సంగతి, ఇంటికి నడచివచ్చునప్పుడు భర్త అదే పాటను అపశ్రుతిలో పాడిన సంగతి చెప్పుచునే యుండెను. మనుమరాలు “దేవదేవి ఎవరు?” అని అడిగెను. ఆ ప్రశ్నకు సమాధానము ముగియునప్పటికి ఉద్యోగికి ఆఫీసు వేళ మించినది.

ఆయన రేడియో అద్దముపై పెన్సిలుతో గీత పెట్టెను. మరునాటినుండి ఆమె అందరికంటె ముందు లేచి ఆ గీతవద్ద కాచుకొనెడిది. కొన్నినాళ్లు స్తోత్రము వచ్చెడిది, కొన్నినాళ్లు గురగుర మాత్రమే. వచ్చినదేదో, రానిదేదో కాఫీవేళ కుమారునికి అప్పగించెడిది. రాజా ఆ చలికాలమున మరల రాలేదు. చైత్రము వచ్చి ప్రొద్దు ముందునకు జరుగగా ఆ గీతవద్ద ఏమియు పలుకలేదు.

“మళ్లీ ఎప్పుడొస్తుంది బాబూ?”

“కార్తీకం వెళ్లాక, అమ్మా.”

ఆమె కొంతసేపు ఆలోచించెను.

“అయితే ఉంటాలే.”