ప్రాణదారువు
(రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)



బండి యిరుసునకు కందెన పెట్టని రైతు లేడు. కందెన లేనిచో నిరుసు కీచుమనును, త్వరలో నరిగిపోవును. అట్టి కందెనను తన చేవలోనే దాచుకొన్న వృక్షమొకటి లోకమున గలదు. దాని పేరు లిగ్నమ్ వైటీ. లాటిను భాషలో ప్రాణదారువని యర్థము.

అమెరికా దేశమున ఫ్లారిడా రాష్ట్రపు దక్షిణపు కొనను వింటివలె వంగిన దీవుల వరుస యున్నది. అందు 280 ఎకరముల చిన్న దీవికి ఈ చెట్టు పేరే పెట్టిరి. ఇప్పుడది ప్రభుత్వ రక్షణలోనున్న వనము. పడవపై దప్ప నచటికి దారి లేదు. సున్నపురాతి నేలలో, ఉప్పుగాలిలో ఈ చెట్టు మెల్లమెల్లగా నెదుగును. 30 అడుగులు మించుట యరుదు. పూవులు నీలము, కాయలు పసుపు. కాయ పగిలినపుడు ఎఱ్ఱని తొడుగుతో గింజలు కానవచ్చును. మన చేలలో కాళ్లకు గ్రుచ్చుకొను పల్లేరు దీనికి జ్ఞాతి! వృక్షశాస్త్రజ్ఞులు రెంటిని ఒకే కుటుంబమున జేర్చిరి.

ఐరోపావారు దీనిని సవాయిరోగమునకు దివ్యౌషధమనుకొనిరి. ఉల్రిచ్ ఫాన్ హుట్టెన్ అను జర్మను పండితుడు 1519లో దీనిని పొగడుచు గ్రంథము వ్రాసెను. 1523లో ఆ రోగముననే గతించెను. మందుగా వచ్చిన కీర్తి నిలువలేదు. కొయ్య గుణము మాత్రము నిలిచినది.

దీని చేవ నీట వేసిన మునుగును. అందలి జిగురు నూనెవలె పనిచేయును. ఇంగ్లండున జాన్ హారిసన్ అను వడ్రంగి 1722 ప్రాంతమున దీనితో నూనె యక్కఱలేని గడియారమును నిర్మించెను. పిదప ఓడను నడపు మరచక్రపు టిరుసు తిరుగుచోట దీని దిమ్మెల నమర్చిరి. 1954లో నీట దించిన తొలి పరమాణు జలాంతర్గామి నాటిలస్‌లో సైతము ఈ కొయ్యయే యుండెను.

ఆ గుణమే చెట్టునకు శత్రువైనది. ఫ్లారిడా దీవులలో దానిని చాలవఱకు నఱికివేసిరి. 1975లో అంతర్జాతీయపు ఒడంబడిక దీని వ్యాపారమునకు కట్టుబాటు విధించినది. మన శేషాచలపు కొండలలోని యెఱ్ఱచందనమును అదే యొడంబడికలో 1995లో జేర్చిరి. చేవ గట్టిపడుటకు తరములు పట్టును. గొడ్డలికి గడియ చాలును. పేరు పుస్తకములలో మిగిలి, చెట్టు నేలపై లేని దినము మన బిడ్డలకు రాకుండుగాక!