పడని తిండి
(మరిపెడలో తలిదండ్రుల కూడిక యందు చేసిన ప్రసంగము)



పిల్లలు బడిలో తినే తిండిని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మమ్మును కోరినారు. మేము వైద్యులము కాము. పిల్లలకు అన్నము వడ్డించి, వారి ప్రక్కన కూర్చుండి తిన్నవారము మాత్రమే.

"పడదు" అనే మాటను మన ఇండ్లలో ఎన్ని విధములుగా వాడుదుమో చూడండి. పాలు త్రాగితే కడుపు ఉబ్బరించే పిల్ల పడదంటుంది. గుడ్డు ముట్టని ఇంటి పిల్లవాడు పడదంటాడు. కాకరకాయ ఇష్టము లేనివాడును పడదనే అంటాడు! ఇన్ని "పడదు"ల మధ్య ప్రాణము మీదికి తెచ్చేది ఒక్కటి ఉంటే, అది మన చెవికి ఎక్కదు.

చాలా సంవత్సరముల క్రిందట మేము చూచుకొను హాస్టలులో ఒక బాలుడు చేరినాడు. "వీనికి వంకాయ పడదు, మూతి దురద పెట్టును" అని తల్లి చెప్పి వెళ్ళినది. వంకాయ దురద అందరికీ తెలిసినదే గదా అనుకొని, వానికి వంకాయ పెట్టలేదు. మా పని అయినదనుకొన్నాము. ఒక ఉదయము ఇడ్లీలోనికి పల్లీల చట్నీ చేసినారు. పది నిమిషములలో పెదవులు వాచినవి, ఒళ్ళంతా దద్దుర్లు లేచినవి, ఊపిరి ఈలవలె రాసాగినది. మేము మంచినీళ్ళు త్రాగించి, విసనకర్రతో విసరుచు కొంత సేపు వృథా చేసినాము. ఆ కొంత సేపు ఇప్పటికిని మమ్మును వదలలేదు. ఆసుపత్రిలో సూది వేసిన తరువాత పిల్లవాడు తేరుకొన్నాడు. డాక్టరుగారు తల్లిని ఒకే ప్రశ్న అడిగినారు: "వంకాయ కూరలో ఏమి వేస్తావమ్మా?" ఆమె, "పల్లీల పొడి" అన్నది.

తల్లి అబద్ధమాడలేదు. మేమును వినకపోలేదు. అయినను ఎవరమును కూరలోపల ఏమున్నదో అడగలేదు.

వేయించినను, ఉడికించినను పల్లీల దోషము పోదు. పులిహోరలోని పల్లీలను ఏరివేసినా చాలదు. చట్నీ గరిటె సాంబారులో ముంచినా కొందరికి ప్రమాదమే. గానుగ నూనెలోను ఆ అంశము కొంత మిగిలియుండును.

2013 జూలైలో బీహారులోని సారణ్ జిల్లాలో పురుగుమందు కలిసిన బడి భోజనము తిని 23 మంది పిల్లలు మరణించినారు. పిల్లలకంటె ముందు ఉపాధ్యాయుడు రుచి చూడవలెనను నిబంధనను ఆ దుర్ఘటన తరువాత గట్టిగా చెప్పుచున్నారు. మంచి నిబంధనే. కాని రుచి చూచిన పంతులుగారికి పల్లీలు పడును గదా! ఒక్క పిల్లకు మాత్రమే విషమైనది ఆయన నాలుకకు తెలియదు.

ఇది విని గుడ్డు, పల్లీలు మానిపించవలెనని ఎవరును అనుకోవద్దు. ప్రాథమిక పాఠశాల పిల్లకు మధ్యాహ్న భోజనములో 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందవలెనని లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో గుడ్డుతో పాటు పల్లీల చిక్కీని చేర్చినది బలము కొరకే. ఉత్త భయముతో మానిపిస్తే పిల్ల చిక్కిపోవును. అనుమానముంటే డాక్టరుకు చూపించండి. పాలు అరగని పిల్లకు పెరుగు సరిపోవచ్చును. అది వేరే సంగతి. గుడ్డు ముట్టని ఇంటి పిల్లకు అరటిపండు ఇస్తే సరి, నలుగురిలో నవ్వుట మాత్రము కూడదు. చక్కెర వ్యాధికి ఇన్సులిన్ తీసికొను పిల్లకు ఏమి పెట్టితిమనుటతో పాటు ఏ వేళకు పెట్టితిమనుటయు ముఖ్యము. ప్రార్థన పొడుగైనదని అన్నము ఆలస్యము చేయరాదు.

ఇక కీడు జరిగినప్పుడు. పెదవులు వాచి, ఊపిరి కష్టమైతే, పిల్లను నడిపించవద్దు. పండుకొనబెట్టి కాళ్ళు ఎత్తుగా ఉంచండి. ఊపిరి అందకపోతే కూర్చుండనివ్వండి. వెంటనే 108కు ఫోను చేయండి. దురద మాత్ర వేసి కనిపెట్టుకొని ఉండవద్దు. ప్రాణము నిలిపేది తొడ కండకు వేసే అడ్రినలిన్ సూది. తేరుకొన్న తరువాత కూడ కొన్ని గంటలు ఆసుపత్రిలోనే ఉంచవలెను, మరల తిరుగబెట్టవచ్చును.

ఆ బాలుడు చదువు ముగించి వెళ్ళేవరకు కంచము ముందు కూర్చుండగానే "పల్లీలున్నాయా అక్కా?" అని వంటామెను అడిగేవాడు. ఆమె విసుగుకొనక చెప్పేది. వంటింటి గోడకు మేము అంటించిన కాగితము ఆమెకు చదువరాదు. అందుచేత కాగితముకంటె ఆ ప్రశ్నే ఎక్కువ పని చేసినది.

జూన్‌లో బడి తెరిచినప్పుడు మీ పిల్లకు ఏది పడదో, తిన్నప్పుడు ఏమైనదో, ఆ కూరలో ఏమేమి వేసినారో వ్రాసి ఇవ్వండి. వ్రాయరాని తల్లి నోటితో చెప్పినా చాలును, మేము వ్రాసికొందుము.