రుమాలు తీయించి చూడండి

 

ఈరోజుతో డాక్టర్లవుతున్న మీలో కొందరికి ఆదోని, ఎమ్మిగనూరు వైపు పోస్టింగు వస్తుంది. శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్నస్వామి గుడి దగ్గర క్యాంపు డ్యూటీ కూడా పడొచ్చు. ఆ భక్తుల రద్దీలో యాభై దాటిన రైతు ఒకాయన వస్తాడనుకోండి. జేబులో బీడీకట్ట, బిరుసెక్కి పొలుసులు రాలే అరచేతులు. ‘పత్తి పనిచేసే చేతులు గదా సార్, ఏదన్నా పూతమందు రాసియ్యి’ అంటాడు. సోరియాసిస్ అని రాసేసి పంపడం సులువే, వెనక వందమంది నిలబడి ఉంటారు. అయినా తలకు చుట్టిన రుమాలు తీయించండి. చెవి అంచులు, ముక్కు కొన ఊదారంగు తిరిగి పొలుసు కట్టి ఉంటే కలం ఆపండి.

అది బాజెక్స్ సిండ్రోమ్ కావచ్చు. బాగా అరుదు. గొంతులోనో, నాలుక మీదో, అన్నవాహికలోనో క్యాన్సర్ గడ్డ ఉన్నవాళ్లకు, అందులోనూ నలభై దాటిన మగవాళ్లకు ఎక్కువగా వస్తుంది. చాలామందిలో గడ్డ కంటే ముందు చర్మం మీది మార్పులే బయటపడతాయి. నోట్లో టార్చి వేసి చూడండి, మెడ తడమండి, ముద్ద దిగుతోందా అని అడగండి, ఈఎన్‌టీకి పంపండి.

మరి ఇలాంటి పొలుసులకు ఇచ్చే కాంతి చికిత్స సంగతి? దాని మీద నాకు గౌరవం ఉంది. మన ఊళ్లలో బొల్లికి వాడే బావంచాల గింజల నుంచి 1933లో సొరాలెన్‌ను వేరుచేసింది మన దేశపు రసాయన శాస్త్రవేత్తలే. ఆ జాతి మాత్ర మింగించి, రెండు గంటలాగి అతినీలలోహిత ‘ఏ’ కిరణాలు పట్టిస్తే పువా. బాజెక్స్‌లోనూ కొందరికి దీనితో పొలుసులు తగ్గాయి. కానీ ఆ కిరణాలు చర్మం దాటి లోపలికి పోవు. పైన నునుపు తేలిందని మనం సంబరపడుతుంటే లోపల గడ్డ తన పని తాను చేసుకుపోతుంది. దాన్ని తీసేస్తే చర్మం చాలావరకు తనంతట తానే బాగుపడుతుంది, గోళ్లు మాత్రం ఆలస్యంగా.

పువా రాస్తే, ఆ రైతు వారానికి రెండు మూడుసార్లు కర్నూలు బస్సు ఎక్కాలని, ఆ రోజుల కూలి పోతుందని గుర్తుంచుకోండి. మాత్ర వేసుకున్న రోజు నల్లద్దాలు తీయకూడదు. బస్సులో కిటికీ పక్కన కూర్చోవద్దని కూడా చెప్పాలి, ఆ కిరణాలు అద్దంలోంచి వస్తాయి. మధ్యాహ్నం చేలోకి పోయాడంటే ఒళ్లు బొబ్బలెక్కుతుంది.

గడ్డకు ఆపరేషన్ అయి ఇంటికి పోయేటప్పుడు ఇంకొక్క మాట చెప్పి పంపండి: చెవుల మీద మళ్లీ పొలుసు కనబడితే గడ్డ తిరగబెట్టి ఉండొచ్చు, శ్రావణం పోయినాక చూద్దాంలే అనుకోకుండా మరుసటి బస్సుకే రావాలని.